పాత పికప్‌కు క్లచ్ ఆయిల్ మార్చడం: 11 ఏళ్ల వాడకం మీద నా సమీక్ష

2014 ఆగస్టులో కడియం నుంచి భద్రాచలానికి మొక్కల లోడు తీసుకెళ్తున్నాను. మారేడుమిల్లి దాటాక ఘాట్‌లో ఒక మలుపు దగ్గర ఎదురొచ్చిన బస్సుకు దారివ్వడానికి బండి పక్కకు తీసి ఆపాను. బస్సు వెళ్లిపోయింది. క్లచ్ తొక్కి ఫస్ట్ గేరు వేయబోతే లివర్ లోపలికి పోలేదు. గట్టిగా నెడితే గరగరమని పళ్లు ఒరుసుకున్న చప్పుడు. పెడల్ బురదలో అడుగు వేసినట్టు మెత్తగా కిందికి దిగిపోయింది, తిరిగి సగమే లేచింది. వెనక మామిడి అంట్లు, కొబ్బరి మొక్కలు కలిపి టన్ను దాకా బరువు. పైన వాన. ఫోన్‌కు సిగ్నల్ లేదు.

ఇంజన్ ఆపేసి, ఫస్ట్ గేరు వేసి, గేరులో ఉండగానే సెల్ఫ్ కొట్టాను. అక్కడ రోడ్డు కాస్త దిగుడుగా ఉండబట్టి బండి ఒక్క కుదుపుతో కదిలింది. పెడల్‌ను నాలుగైదు సార్లు గబగబా తొక్కితే ఆ ఒక్కసారికి క్లచ్ కొంచెం విడిపోతోందని, అంటే ఇంజన్‌కూ గేర్లకూ మధ్య పట్టు వదులుతోందని కాసేపటికి అర్థమైంది. అలా తొక్కుకుంటూ, వీలైనంతవరకు ఎక్కడా ఆపకుండా చింతూరు చేరాను. ఆ 2 గంటలు నాకు పట్టిన టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

బండి టాటా 207, 2004 మోడల్. 1988లో టాటా మొబైల్ పేరుతో వచ్చిన పికప్‌ల వరసలోదే. నేను 2012లో సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. నర్సరీ పనికి ఇంతకంటే నమ్మకమైన బండి నాకు దొరకలేదు, ఇప్పటికీ అదే నడుపుతున్నాను. కొన్నప్పుడు ఇంజన్ ఆయిల్ మార్చాను, ఫిల్టర్లు మార్చాను, టైర్లు వేయించాను. క్లచ్‌కు కూడా ఒక ద్రవం ఉంటుందని, దానికీ వయసు అయిపోతుందని మాత్రం నాకు తట్టలేదు. పాత యజమాని కూడా పట్టించుకున్నట్టు లేదు. అంటే బహుశా పదేళ్ల నుంచి ఒకటే ఆయిల్.

తిరిగొచ్చాక ఒక షెడ్డులో చూపిస్తే, గేరుబాక్స్ దించి క్లచ్ ప్లేటు సెట్ మొత్తం మార్చాలన్నారు. అంత డబ్బు వెంటనే లేక రాజమండ్రిలో నాకు తెలిసిన ఒక పెద్ద మేస్త్రి దగ్గరికి వెళ్లాను. ఆయన ముందు ఒకటే ప్రశ్న అడిగారు. "బండి ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ ఊరికే అరుస్తూ బండి ముందుకు పోకుండా ఉంటోందాండి?" లేదన్నాను. "మరి ప్లేటు అరిగిందని ఎవరన్నారు? ప్లేటు పోతే జారుతుంది. మీకు జారడం లేదు, విడిపోవడం లేదు. రెండూ వేరండి బాబూ" అన్నారు. ఈ తేడా తెలియక అనవసరంగా గేరుబాక్స్ దింపించుకున్న వాళ్లను తర్వాత చాలామందిని చూశాను. అందుకే దీన్ని ముందు పెడుతున్నాను. పెడల్ తొక్కినా గేరు పడకపోవడం, రివర్స్ వేస్తే పళ్లు రాసుకోవడం, పంపు కొట్టినట్టు తొక్కితే కాస్త మెరుగవడం, ఇవి కనిపిస్తే ముందు చూడాల్సింది ఆయిల్, పైపు, సిలిండర్లు. గేరుబాక్స్ సంగతి ఆ తర్వాత.

ఆయన బానెట్ లేపి, క్లచ్ ఆయిల్ డబ్బా మూత తీసి, ఒక తెల్ల పింగాణీ సాసర్‌లో రెండు చుక్కలు వేశారు. కాఫీ డికాషన్‌లో మసి కలిపితే ఎలా ఉంటుందో అలా ఉంది. వేలితో రాస్తే నల్లటి పొడి వేలికి అంటింది. పక్కనే కొత్త సీసాలోంచి ఒక చుక్క వేసి చూపించారు. పలచటి తేనె రంగులో, సాసర్ మీద పువ్వు బొమ్మ అందులోంచి కనిపించేంత స్వచ్ఛంగా ఉంది. ఆ రెండు చుక్కలు పక్కపక్కన చూశాక ఇంకెవరూ నాకు నచ్చజెప్పాల్సిన పని లేకపోయింది. ఆ సాసర్ పరీక్షే ఇప్పటికీ నా పద్ధతి.

ఆ నలుపు ఎక్కడిదంటే, ఎక్కువ భాగం సిలిండర్ల లోపల ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు కప్పులు అరిగి కలిసిన పొడి. దానికి తోడు తేమ వల్ల సిలిండర్ గోడలు తిన్న తుప్పు. మనం ఆయిల్ అంటాం గానీ ఇది పెట్రోలియం నూనె కానే కాదు. బ్రేకులకు వాడే డాట్ 3, డాట్ 4 అనే రకాల ద్రవమే, గ్లైకాల్ జాతిది. గాలిలోని తేమను పీల్చుకోవడం దాని గుణం. మూత సందుల్లోంచి, రబ్బరు పైపు గోడల్లోంచి కూడా నెమ్మదిగా నీరు చేరుతుంది. మా కడియం సంగతి మీకు తెలుసుగా, ఒకవైపు గోదావరి కాలువలు, ఇంకోవైపు పొద్దస్తమానం నీళ్లు చల్లే షేడ్ నెట్లు. బండి రాత్రంతా వాటి పక్కనే ఉంటుంది. రాయలసీమలో మూడేళ్లు నిలిచే ఆయిల్ మా దగ్గర రెండేళ్లకే రంగు మారుతుందని నా నమ్మకం.

నీరు చేరితే ఏమవుతుందో అంకెల్లో చూస్తే బాగా తెలుస్తుంది. డాట్ 3 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. నీరు 3.7 శాతం దగ్గరికి చేరాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4కి కొత్తలో 230, తడిసాక 155. క్లచ్ సిలిండర్ బ్రేకుల్లాగా కాలిపోదు, నిజమే. అందుకే చాలామంది దీన్ని తేలిగ్గా తీసుకుంటారు. కానీ క్లచ్ విషయంలో అసలు నష్టం మరగడం వల్ల కన్నా తుప్పు వల్లే ఎక్కువ. నీరు ఉన్న ఆయిల్ సిలిండర్ అడుగున నిలిచి గోడను గుంటలు గుంటలుగా తింటుంది. ఆ గరుకు మీద రబ్బరు కప్పు రోజుకు కొన్ని వందల సార్లు ముందుకు వెనక్కి రాసుకుంటుంది. అలా రాసుకుని రాసుకుని ఒకరోజు ప్రెషర్ పట్టదు. ఆ రోజు నాకు ఘాట్‌లో వచ్చింది.

వ్యవస్థ మొత్తం చిన్నదే. పెడల్ తొక్కితే పైన మాస్టర్ సిలిండర్‌లో పిస్టన్ ఆయిల్‌ను తోస్తుంది. అది సన్నటి ఇనుప పైపులోంచి, చివర ఒక రబ్బరు పైపులోంచి గేరుబాక్స్ దగ్గరున్న స్లేవ్ సిలిండర్‌కు చేరుతుంది. మా వాళ్లు దాన్ని కింది సిలిండర్ అంటారు. దాని రాడ్ ఫోర్కును నెడితే రిలీజ్ బేరింగ్ కదిలి క్లచ్ విడిపోతుంది. గాలి బుడగ ఒక్కటి ఉన్నా మన కాలి బలం ఆయిల్‌ను తోయడానికి బదులు ఆ బుడగను నొక్కడానికే పోతుంది. మొత్తం ఆయిల్ ఒక టీ గ్లాసుకు మించదు. నేను ప్రతిసారీ పావు లీటరు సీసా ఒకటి కొంటాను, కడగడానికి, నింపడానికి సరిపోతుంది. ఖర్చు రెండు వందల లోపే అవుతోంది.

మొదటిసారి మేస్త్రి గారి దగ్గరే మార్చుకున్నాను. పెడల్ వెంటనే గట్టిపడింది, గేర్లు వెన్నలా పడ్డాయి. మూడు వారాల తర్వాత కింది సిలిండర్ రబ్బరు తొడుగు లోంచి ఆయిల్ కారడం మొదలైంది. నెల తిరక్కముందే మాస్టర్ కూడా మొదలెట్టింది. క్యాబిన్‌లో పెడల్ వెనక మ్యాట్ తడిసింది. కొత్త ఆయిల్ పోసి పాడు చేశానేమో అని అప్పట్లో చాలా బాధపడ్డాను. కారణం వేరే. ఏళ్ల తరబడి పెడల్ ఒకే మేరకు దిగుతూ ఉంటే మాస్టర్ సిలిండర్‌లో పిస్టన్ తిరిగే భాగం మాత్రం నున్నగా ఉంటుంది. అది ఎప్పుడూ వెళ్లని లోపలి భాగంలో తుప్పు, మడ్డి పేరుకుని ఉంటాయి. ఆయిల్ మార్చాక పైపులో చిక్కుకున్న గాలి తీసేటప్పుడు పెడల్‌ను నేలకు తాకేదాకా తొక్కుతాం. అప్పుడు పాత కప్పు ఆ గరుకు మీదికి వెళ్లి అంచు చిరుగుతుంది. అప్పటి నుంచి గాలి తీసేటప్పుడు పెడల్ కింద ఒక కొయ్య ముక్క పెడతాను. మామూలుగా దిగే మేరకంటే కిందికి పోకుండా అది ఆపుతుంది. ఈ ఒక్క ముక్క వల్ల మాస్టర్ సిలిండర్ నాకు 2014లో వేసిన రబ్బరు కిట్‌తోనే ఇప్పటికీ నడుస్తోంది. కింది సిలిండర్ అప్పుడు ఒకసారి, మళ్లీ 2022లో ఒకసారి మార్చాను. కొత్తది వేయడమే మేలు. గోడ తిన్న సిలిండర్‌లో కొత్త కిట్ వేస్తే ఆరు నెలలు కూడా ఆగదు.

కాబట్టి పదేళ్లుగా ముట్టుకోని బండిలో ఆయిల్ మార్చబోతుంటే ఒక మాట ముందే అనుకోండి. ఆయిల్‌తో పాటు సిలిండర్ల ఖర్చు కూడా వెంటనే రావచ్చు. అది ఆయిల్ చేసిన పాపం కాదు, ఎప్పుడో తెగిపోవాల్సిన రబ్బరు ఆ రోజు తెగింది. మార్చే ముందు కింది సిలిండర్ తొడుగు అంచు వేలితో ఎత్తి చూడండి. లోపల పొడిగా ఉంటే ధైర్యంగా మొదలుపెట్టవచ్చు. తడిగా ఉంటే కొత్త సిలిండర్ తెచ్చి పెట్టుకుని మొదలుపెట్టండి.

2016 నుంచి నేనే ఇంటి దగ్గర మార్చుకుంటున్నాను. 207 ఎత్తైన బండి కాబట్టి జాకీ అక్కర్లేదు, చదును నేల మీద చక్రాలకు రాళ్లు పెట్టి కిందికి దూరవచ్చు. ఏ బండి కిందికైనా ఒక్క జాకీ ఆసరాతో మాత్రం ఎప్పుడూ దూరకండి.

అసలు కష్టం నిప్పిల్ దగ్గర, అంటే కింది సిలిండర్ మీద పాత ఆయిల్, గాలి బయటికి వదిలే చిన్న మర దగ్గర. ఎర్రమట్టి, గ్రీజు, తుప్పు కలిసి అది సిలిండర్‌లో ఒక భాగమైపోయి ఉంటుంది. ముందు రోజు సాయంత్రమే వైర్ బ్రష్‌తో గీకి, తుప్పు వదిలించే స్ప్రే కొట్టి వదిలేస్తాను. పొద్దున చిన్న సుత్తితో దాని తల మీద రెండు దెబ్బలు, గట్టిగా కాదు, తలుపు తట్టినట్టు. తర్వాత రింగు స్పానర్ పట్టిస్తాను. నోరు తెరిచిన స్పానర్ పెడితే అంచులు గుండ్రంగా అయిపోతాయి, ఇక అది ఎవరి మాటా వినదు. స్పానర్‌ను ఒక్క ఊపున తిప్పకుండా కొంచెం బిగించి, కొంచెం వదిలించి, మళ్లీ బిగించి చూడాలి. టిక్కుమని చిన్న చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు విన్నాక మనసు తేలికపడుతుంది. బోలుగా ఉండే చిన్న ఇనుప ముక్క అది, బలవంతం చేస్తే విరుగుతుంది. పని అయ్యాక బిగించేటప్పుడూ అంతే, మణికట్టు బలం చాలు. దాని మీద రబ్బరు టోపీ తప్పకుండా పెట్టండి. ఆ టోపీ లేకపోవడం వల్లే లోపలి రంధ్రం మట్టితో మూసుకుపోతుంది.

ఇద్దరు కలిసి చేసే పాత పద్ధతే నాకు ఇప్పటికీ అన్నిటికన్నా నచ్చింది. మా మేనల్లుడు సీటులో కూర్చుంటాడు, నేను కింద. నిప్పిల్‌కు పారదర్శకమైన పైపు తగిలించి, రెండో చివర కొంచెం కొత్త ఆయిల్ పోసిన గాజు సీసాలో మునిగేలా పెడతాను. "తొక్కు" అంటాను. "తొక్కాను మావయ్యా" అని వాడు చెప్పాకే నిప్పిల్ పావు చుట్టు వదులు చేస్తాను. నల్లటి ఆయిల్ పైపులోకి దూకుతుంది, పెడల్ కిందికి దిగుతుంది. నిప్పిల్ బిగించాక "వదులు" అంటాను. ఈ వరస తప్పితే పని చెడుతుంది. నిప్పిల్ తెరిచి ఉండగా వాడు కాలు తీస్తే గాలి వెనక్కి పీల్చుకుంటుంది. 2016లో వాడికి పదిహేనేళ్లు, ఫోన్ మోగితే కాలు తీసేశాడు. మళ్లీ మొదటి నుంచి. అప్పటి నుంచి వాడు తిరిగి జవాబు చెప్పకుండా నేను స్పానర్ ముట్టుకోను.

ప్రతి ఐదారు తొక్కుళ్లకు ఒకసారి పైన డబ్బా చూసి నింపాలి. క్లచ్ డబ్బా చాలా చిన్నది, చూస్తుండగానే అడుగంటుతుంది. ఒక్కసారి ఖాళీ అయితే మాస్టర్‌లోకే గాలి వెళ్తుంది, దాన్ని బయటికి తెప్పించడం పెద్ద యాతన. నేను ముందే డబ్బాలోని పాత ఆయిల్‌ను సిరంజితో గానీ చేతి పంపుతో గానీ లాగేసి, అడుగున ఉన్న మడ్డిని నూలు పోగులు రాలని గుడ్డతో తుడిచి, కొత్తది నింపి మొదలుపెడతాను. అలా చేస్తే ఆ మడ్డి పైపులోంచి ప్రయాణం చేయాల్సిన పని ఉండదు. మూత తెరిచే ముందు చుట్టూ ఉన్న దుమ్ము తుడవడం కూడా అంతే ముఖ్యం.

పైపులో రంగు మారే క్షణం చూడటానికి బాగుంటుంది. మొదట నలుపు, తర్వాత టీ రంగు, మధ్యలో సన్నటి బుడగల గొలుసు, ఆ తర్వాత ఒక్కసారిగా లేత పసుపు. రంగు తేరాక కూడా ఇంకో ఏడెనిమిది సార్లు తీస్తాను, కింది సిలిండర్ మూలల్లో మిగిలింది కూడా రావాలని. మధ్యలో ఇనుప పైపును స్పానర్ పిడితో మెల్లగా తడితే గోడకు అంటుకున్న బుడగలు వదులుతాయి.

ఒంటరిగా చేయాల్సి వచ్చినప్పుడు మిగతా పద్ధతులు కూడా చూశాను. చేతి వ్యాక్యూమ్ పంపు కొన్నాను. వేగంగా లాగుతుంది, ఆయిల్ మార్చడం వరకు బాగుంది. కానీ నిప్పిల్ మరల సందుల్లోంచి బయటి గాలిని కూడా పీల్చుతుంది కాబట్టి పైపులో బుడగలు ఆగవు. లోపలి గాలి పోయిందో లేదో తెలియదు. నాలుగేళ్లు వాడి పక్కన పెట్టాను. ఇప్పుడు డబ్బా ఖాళీ చేయడానికి మాత్రం వాడుతున్నాను. నిప్పిల్ తెరిచి, పైన నింపుతూ, ఆయిల్ తన బరువుతో తానే కారేలా వదిలేయడం అన్నిటికంటే శాంతమైన పద్ధతి. సిలిండర్ రబ్బర్లకు ఏ ఒత్తిడీ ఉండదు. అయితే గంట పైన పడుతుంది, మొండి బుడగ ఉంటే కదలదు. కొత్త సిలిండర్ వేసినప్పుడు మాత్రం కింది నుంచి పైకి నింపడం నాకు బాగా పనిచేసింది. పెద్ద సిరంజికి పైపు తగిలించి, పైపులో గాలి లేకుండా చూసుకుని, నిప్పిల్‌లోంచి కొత్త ఆయిల్‌ను నెమ్మదిగా పైకి ఎక్కించడం. గాలికి పైకి పోవడమే సహజం కాబట్టి బుడగలు వాటంతట అవే డబ్బాలోకి వస్తాయి. 2022లో పది నిమిషాల్లో పెడల్ వచ్చేసింది. దీన్ని పాత ఆయిల్ ఉన్న బండిలో చేయకండి, కింది మడ్డినంతా పైన మాస్టర్‌లోకి తోసినట్టవుతుంది. డబ్బా పొంగకుండా కూడా ఒక కన్ను వేయాలి.

పైపు విషయంలో సెలైన్ పైపు వాడాను, పర్వాలేదు గానీ ఒకసారికే, తర్వాత బిగుసుకుపోతుంది. అక్వేరియం షాపులో దొరికే మెత్తటి గాలి పైపు మేలు. సిరంజి లోపలి రబ్బరు కూడా రెండు మూడు వాడకాలకు ఉబ్బి కదలదు, కొత్తది కొనుక్కోవడమే.

ఆయిల్ రకం గురించి చాలామంది అడుగుతారు. డబ్బా మూత మీద, బండి పుస్తకంలో ఏముందో అదే మొదటి మాట. నేను మొదటి రెండు సార్లు డాట్ 3, 2018 నుంచి డాట్ 4 వాడుతున్నాను. ఈ రెండూ కలిసినా ప్రమాదం లేదు. కాలికి తేడా ఏమీ తెలియలేదు, అది నిజం. డాట్ 4 తీసుకోవడానికి నా కారణం చిన్నది. మా దగ్గర దుకాణాల్లో అది త్వరగా అమ్ముడవుతుంది కాబట్టి తాజా సీసా దొరుకుతుంది. బ్రాండ్ కన్నా సీసా మీది తయారీ తేదీ, మూత కింద సీలు నాకు ముఖ్యం. డాట్ 5.1 కూడా గ్లైకాల్ జాతిదే. కానీ ఉత్త డాట్ 5 అని ఉన్నది సిలికాన్, పేరు దగ్గరగా ఉన్నా జాతి వేరు, దీనితో కలపకూడదు. అన్నిటికన్నా ఘోరం, ఆయిలే కదా అని ఇంజన్ ఆయిలో, పవర్ స్టీరింగ్ ఆయిలో పోయడం. మా పక్క నర్సరీ బండిలో డ్రైవరు అర్ధరాత్రి దారిలో అలాగే పోశాడు. ఇల్లు చేరేలోపు రబ్బర్లన్నీ ఉబ్బి పెడల్ రాయిలా బిగుసుకుంది. రెండు సిలిండర్లు, పైపు, డబ్బా మూత వాషరుతో సహా అన్నీ మార్చాల్సి వచ్చింది.

మిగిలిన ఆయిల్ దాచుకోను. తెరిచిన సీసా మా తేమలో రెండు నెలలుంటే అది కొత్త ఆయిల్ కాదు. వాన పడుతున్న రోజు మూత తెరవను. అందుకే సంక్రాంతి ముందు పొడి రోజుల్లో పెట్టుకుంటాను. ఒకసారి నాలుగు చుక్కలు మడ్‌గార్డ్ మీద పడితే చూసుకోలేదు, మర్నాటికి రంగు పొంగి పొరలా ఊడొచ్చింది. పక్కన ఒక చెంబుతో నీళ్లు పెట్టుకోండి. పడిన వెంటనే నీళ్లు పోస్తే చాలు, ఇది నీళ్లలో కరిగే ద్రవం. తీసిన పాత ఆయిల్‌ను నేల మీద పారబోయకండి. మొక్కలతో బతికేవాణ్ని కాబట్టి ఇది గట్టిగానే చెబుతున్నాను. మూత ఉన్న డబ్బాలో పోసి, పేరు రాసి, వాడేసిన ఆయిల్ సేకరించేవాళ్లకు ఇస్తాను.

ఇన్నేళ్లలో ఒకసారే నా రెండేళ్ల గడువు తప్పాను. 2020లో లాక్‌డౌన్ వల్ల బండి నెలల తరబడి షేడ్ నెట్ పక్కన కదలకుండా ఉండిపోయింది, ఆ ఏడాది మార్చలేదు. 2021 జనవరిలో తీసి చూస్తే కింది సిలిండర్ దగ్గరి ఆయిల్ బూడిద రంగులో చిక్కగా వచ్చింది. బండి తిరగకపోతే ఆయిల్ పాడవదనుకోవడం తప్పు, నిలబడ్డ బండిలోనే తుప్పు ఒకే చోట కూర్చుని తింటుంది. 2022లో కింది సిలిండర్ పోవడానికి అదే కారణమని నా అనుమానం.

రబ్బరు పైపు గురించి కూడా ఒక మాట. 2018లో ఆయిల్ మార్చి, గాలి పూర్తిగా తీసినా పెడల్ మెత్తగానే ఉంది. మూడుసార్లు గాలి తీసి విసిగిపోయాను. చివరికి మేనల్లుణ్ని పెడల్ తొక్కమని పైపును చేత్తో పట్టుకుంటే అరచేతిలో అది ఉబ్బడం తెలిసింది, ఊపిరి పీల్చినట్టు. పైపు మార్చగానే పెడల్ సరైంది. పదేళ్లు దాటిన బండిలో ఆ పైపును ఆయిల్‌తో పాటే మార్చేయమని నా సలహా. పైపు లోపల ఊడి మూసుకుపోతే ఇంకో తంటా, తొక్కిన క్లచ్ పూర్తిగా వెనక్కి రాదు, ప్లేటు జారి కాలుతుంది.

డబ్బాలో మట్టం చూడటంలో కూడా ఒక తిరకాసు ఉంది. బ్రేకు ప్యాడ్లు అరిగితే బ్రేకు డబ్బాలో మట్టం తగ్గుతుంది. క్లచ్ తనకు తానే సర్దుకునే రకమైతే దానికి ఎదురుగా జరుగుతుంది. ప్లేటు అరిగేకొద్దీ కింది పిస్టన్ వెనక్కి జరిగి డబ్బాలో మట్టం కొద్దిగా పెరుగుతుంది. కాబట్టి క్లచ్ డబ్బాలో ఆయిల్ తగ్గిందంటే అరుగుదల అని సరిపెట్టుకోకండి, ఎక్కడో కారుతోంది. కొన్ని బండ్లలో బ్రేకు డబ్బాలోంచే క్లచ్‌కు పైపు వెళ్తుంది, వాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

ఫలితం సంగతి. నేను ప్రతిసారీ కింది సిలిండర్ రాడ్ ఎంత కదులుతోందో స్కేలు పెట్టి కొలుస్తాను. పెడల్ పూర్తిగా తొక్కితే 2014లో మొదటిసారి మార్చకముందు 8 మిల్లీమీటర్లు కదిలింది, మార్చాక 14. ఈ ఆరు మిల్లీమీటర్లే నన్ను ఘాట్‌లో ఆపేశాయి. ఆ తర్వాత గడువు ప్రకారం మార్చినప్పుడల్లా ముందు 13, తర్వాత 14. అంటే పెడల్ పాడయ్యాక బాగుచేసుకోవడం కాదు, పాడవకముందే చూసుకుంటున్నాను. ప్లేటు సెట్ ఈ 11 ఏళ్లలో ఒక్కసారి, 2019లో మార్చాను, అది కూడా నిజంగా అరిగి. గేరుబాక్స్ పళ్ల జోలికి వెళ్లాల్సిన అవసరమే రాలేదు. బండి ఇప్పుడు 2 లక్షల 38 వేల కిలోమీటర్ల దగ్గర ఉంది.

మొన్న 2025 జనవరిలో మార్చినప్పుడు మేనల్లుడు కింద పడుకున్నాడు, నేను సీటులో కూర్చున్నాను. వాడికిప్పుడు సొంత పికప్ ఉంది. "మావయ్యా, తొక్కావా?" అని రెండుసార్లు అడిగి, నేను జవాబు చెప్పాకే స్పానర్ తిప్పాడు. వచ్చిన ఆయిల్ సాసర్‌లో వేసి చూశాం, లేత టీ రంగు, పొడి లేదు. డబ్బా మూత మీద తెల్ల పెయింట్‌తో 1/27 అని, అంటే మళ్లీ మార్చాల్సిన 2027 జనవరి అని రాసి, అదే డబ్బా పెయింట్‌తో వాడి బండి మూత మీద కూడా రాశాడు. వచ్చే నెల భద్రాచలానికి మళ్లీ లోడు ఉంది, అదే ఘాట్ మీదుగా.